తుపాకీకి తలస్నానం

(పెన్సిల్వేనియాలో ఒక తెలుగువారి కూడికలో, ‘నా హాబీ’ అనే శీర్షిక కింద చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నాకంటే ముందు మాట్లాడినావిడ బోన్సాయ్ మొక్కల గురించి చెప్పారు, రెండు కుండీలు వెంట తెచ్చి చూపించారు కూడా. నా వస్తువు నేను వెంట తెస్తే ఈ హాలు వాళ్లు మనల్ని మళ్లీ గుమ్మం ఎక్కనివ్వరు. అందుకని అది ఇంట్లోనే ఉంది, తాళం వేసి. నేను తెచ్చింది ఇదిగో, ఈ ప్లాస్టిక్ కవర్లో ఒక గుండు, ఒక చెకుముకి రాయి, ఒక గుడ్డ ముక్క. చూసి పక్కవాళ్లకి ఇవ్వండి. కవరు మాత్రం తెరవకండి. గుండు సీసంతో చేసింది. వెనకాల పకోడీలున్నాయి.

నా హాబీని ఇంగ్లిష్‌లో బ్లాక్ పౌడర్ షూటింగ్ అంటారు. తెలుగులో నల్లమందు అందామంటే ఆ పేరు మనవాళ్లు ఎప్పుడో వేరే సరుక్కి ఇచ్చేశారు. ‘మా వాడికి నల్లమందు అలవాటుంది’ అని మా అమ్మ ఊళ్లో చెప్తే ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి. (నవ్వులు) కాబట్టి తుపాకిమందు అందాం. మూతి వైపు నుంచి మందు పోసి, గుండు దించి, కూరి, ఒకే ఒక్కసారి కాల్చే పాతకాలపు తుపాకి. మన పల్లెల్లో పందుల్ని తోలడానికి వాడిన నాటు తుపాకికి ఇది దూరపు చుట్టం.

మందులో ఏముంటుందో ఇక్కడున్న నలభై దాటినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా ఊళ్లో చిచ్చుబుడ్లు కొనుక్కోవడం నామోషీగా ఉండేది. దసరా వెళ్లగానే సురేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను తెచ్చి వసారాలో జల్లించి కూరేవాళ్లు. అందులోంచి రజను తీసేయండి, మిగిలిన మూడే ఇది. నేను ఇక్కడ మొదటిసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్లినప్పుడు నన్ను పట్టేసింది తుపాకి కాదు, ఆ వాసన. దీపావళి మర్నాడు పొద్దున్నే పేలని టపాకాయలు ఏరుకోవడానికి వీధిలోకి వెళ్తే వచ్చే వాసన. పదమూడు వేల కిలోమీటర్ల దూరంలో, అక్టోబరు చలిలో, తెలియని మనుషుల మధ్య అది ముక్కుకి తగిలేసరికి నేను అక్కడే నిలబడిపోయాను. ఒక మాట, చిన్నప్పుడు నూరాం కదా అని ఇంట్లో మందు నూరే పని మాత్రం పెట్టుకోకండి. డబ్బా కొట్లో దొరుకుతుంది.

నాకు ఇది నేర్పింది మా పక్కింటి పెద్దాయన. మెషిన్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు, మాట తక్కువ మనిషి. నేను ఆసక్తిగా అడిగితే ‘శనివారం రా’ అన్నాడు. వెళ్లాను. ఆయన కాల్చాడు, నేను చూశాను, ఇంటికొచ్చాక బకెట్ నా చేతిలో పెట్టి కడగమన్నాడు. రెండో శనివారమూ అంతే. మూడోదీ అంతే. నాలుగో వారం తుపాకి నా చేతికిచ్చాడు. మా తాతగారి దగ్గర తబలా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు కూడా మొదటి నెలంతా బావిలో నీళ్లే తోడేవాళ్లట.

సరే, కాల్చడం ఎలా ఉంటుందో చెప్తాను. నాది చెకుముకి తుపాకి. గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం. మీ చేతుల్లో తిరుగుతున్న గుండు 0.490 అంగుళం, బరువు పదకొండున్నర గ్రాములు. ముందు, మందు నింపుకునే పశువు కొమ్ములోంచి కొంచెం మందు ఒక చిన్న ఇత్తడి కొలతలోకి వంచుతాను. 70 గ్రెయిన్లు. పౌనుకి 7000 గ్రెయిన్లు కాబట్టి ఒక పౌను డబ్బా 100 దెబ్బలకి వస్తుంది, లెక్క సులువు. ఆ కొలతలోంచే గొట్టంలో పోయాలి, కొమ్ములోంచి నేరుగా ఎప్పుడూ పోయకూడదు. కిందటి దెబ్బ తాలూకు నిప్పురవ్వ ఒక్కటి లోపల మిగిలుంటే, కొలత అయితే చెయ్యి కాలుతుంది. కొమ్మయితే కొమ్ము మొత్తం చేతిలో పేలుతుంది.

తర్వాత మూతి మీద గుడ్డ ముక్క పరుస్తాను. అది ఏ గుడ్డో గుర్తుపట్టారా? పరుపు గుడ్డ. చారలుంటాయి చూడండి. దానికి తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి పట్టిస్తాను. పెట్రోలియం నూనె పనికిరాదు, మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. గుడ్డ మీద గుండు పెట్టి, బొటనవేలితో నొక్కి, గజంతో దించాలి. గజం అంటే కొలత కాదండీ, తుపాకి గొట్టంలో కూరే కడ్డీని మన పాతవాళ్లు గజమే అన్నారు. గుండు వెళ్లి మందు మీద కూర్చోవాలి. మధ్యలో ఎక్కడో ఆగిందనుకోండి, గొట్టం ఉబ్బిపోతుంది, చీలినా చీలుతుంది. అందుకే గజం మీద గీత పెట్టుకుంటాం. గీత మూతి దగ్గరికి దిగిందా లేదా, ప్రతిసారీ చూడాల్సిందే.

ఇప్పుడు పక్కన ఉన్న చిన్న గిన్నెలో చిటికెడు సన్నమందు. దాన్ని పాత తెలుగులో రంజకం అనేవారు. నాకు ఆ మాట చాలా ఇష్టం. జనరంజకంలో ఉన్న రంజకం అదేనో కాదో పండితులు చెప్పాలి గానీ, వెలిగితే మాత్రం రంజుగానే ఉంటుంది. మీట నొక్కగానే రాయి వెళ్లి ఉక్కు పలకని గీరుతుంది. రవ్వలు రాయివి కాదు, ఉక్కువి. రాయి ఉక్కుని చెక్కితే ఆ చెక్కుళ్లు మండుతూ గిన్నెలో పడతాయి. రంజకం అంటుకుంటుంది, ఆ మంట పక్కనున్న సన్న రంధ్రంలోంచి లోపలికి పాకుతుంది, అప్పుడు అసలు మందు పేలుతుంది. ‘ఫుస్స్... ఢాం’ అని రెండు ముక్కలుగా వినిపిస్తుంది. అన్నీ బాగా కుదిరిన రోజున రెండూ కలిసిపోయి ఒకటే చప్పుడు.

ఆ రెండింటికీ మధ్య సందు ఉంది చూశారూ, అక్కడే మనిషి బయటపడిపోతాడు. కళ్లెదురుగా, చెంపకి జానెడు దూరంలో మంట లేస్తుంది. కదలకుండా, కన్ను మూయకుండా, గురి అలాగే పట్టుకుని ఉండాలి. నాకు ఏడాది పట్టింది. ఒక్కోసారి ఫుస్స్ మాత్రమే వస్తుంది, ఢాం రాదు. అప్పుడు తుపాకిని దించి లోపలికి తొంగి చూసే తెలివైనవాడు ఎవడైనా ఉంటే వాణ్ని రేంజ్ నుంచి వెంటనే పంపించేస్తారు. నిప్పు లోపల రాజుకుంటూ ఉండొచ్చు. కనీసం ఒక నిమిషం గొట్టాన్ని గురి వైపే ఉంచి నిలబడాలి. ఆ నిమిషం ఎంత పొడుగో!

పొగ తేలిపోయాక గానీ తగిలిందో లేదో తెలియదు. గాలి లేని రోజున అదీ ఆలస్యమే. పక్క టేబుల్ దగ్గర కొత్తరకం తుపాకుల కుర్రాళ్లు గంటలో మూడు వందల తూటాలు ఖాళీ చేస్తారు. అదే గంటలో నేను పదిహేను కాలుస్తాను. వాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత మెల్లగా వచ్చి ‘ఒక్కసారి కాల్చొచ్చా’ అంటారు.

ఇంతవరకూ చెప్పింది సినిమాలో ట్రైలర్ భాగం. అసలు హాబీ ఇంటికొచ్చాక మొదలవుతుంది.

ఈ మందు కాలితే సగానికి పైగా గాలిగా మారదు, సన్నటి పొడిగానే మిగులుతుంది. కొంత తెల్లటి పొగగా బయటికొస్తుంది, మిగతాది గొట్టం గోడలకి పట్టేస్తుంది. చాలావరకు పొటాషియం లవణాలు. వానాకాలంలో ఉప్పు జాడీ ఎలా చెమ్మగిల్లుతుందో తెలుసు కదా, ఇదీ అలాగే గాలిలో తేమని పీల్చుకుంటుంది. చెమ్మ, ఉప్పు, ఇనుము. ఇంక చెప్పేదేముంది!

నేను ఒకసారి అనుభవించాను. జులై నెల, రేంజ్ నుంచి వచ్చేసరికి ఇంటినిండా చుట్టాలు, వాళ్లని నయాగరా తీసుకెళ్లాలి. ‘వచ్చాక కడుగుదాంలే’ అనుకుని గరాజ్‌లో మూలన పెట్టాను. మూడు రోజుల తర్వాత తెల్లగుడ్డ గజానికి చుట్టి లోపలికి తోస్తే, బయటికి వచ్చేటప్పటికి ఆవకాయ రంగులో ఉంది. గొట్టం లోపల గాడులుంటాయి, గుండుని తిప్పేవి. తుప్పు ఆ గాడుల అంచుల్ని తినేసింది. నెలరోజులు తోమినా గరుకు పోలేదు. పక్కింటాయనకి చూపించాను. ఆయన గుడ్డ చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ గొట్టం మార్పించడానికి అయిన ఖర్చు మా ఆవిడకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు, ఇక్కడే ఉంది కాబట్టి ఇప్పుడూ చెప్పను. (నవ్వులు)

కడగడం ఇలా. ముందు తుపాకి ఖాళీగా ఉందని గజం దించి చూసుకోవాలి. నా తుపాకిలో గొట్టాన్ని చెక్కకి పట్టి ఉంచేది ఒక అడ్డ మేకు. దాన్ని పక్కకి లాగితే గొట్టం వేరుగా వచ్చేస్తుంది. పెరట్లో బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు కడిగే సబ్బు. సలసల మరిగే నీళ్లు పొయ్యమని పాత పుస్తకాల్లో ఉంటుంది, నేను పొయ్యను. వేడికి నీళ్లు ఆరేలోపే ఇనుము మీద ఎర్రటి పొర కడుతుంది. గోరువెచ్చన చాలు, పసిపిల్లకి పోసినట్టు. గొట్టం అడుగు భాగాన్ని బకెట్‌లో ముంచి, గజానికి గుడ్డ చుట్టి మూతి వైపు నుంచి పైకీ కిందకీ ఆడించాలి. అడుగున రంధ్రం ఉంది కదా, గజం పైకి లాగితే నీళ్లు లోపలికి వస్తాయి, కిందకి తోస్తే నల్లగా చిమ్ముతాయి. చేతిపంపు కొట్టినట్టే ఉంటుంది.

అప్పుడొస్తుంది వాసన. దీపావళి వాసన కాదు, కుళ్లిన గుడ్ల వాసన. మసిలో గంధకం ఉంటుంది, నీళ్లు తగలగానే ఆ వాయువు లేస్తుంది. ఇంట్లో బాత్‌టబ్‌లో కడిగే పని ఒక్కసారే చేశాను.

నీళ్లు రెండుసార్లు మార్చాక గుడ్డ తెల్లగా వస్తుంది. తర్వాత పొడి గుడ్డలు, ఒకటి తర్వాత ఒకటి, ఆరో ఏడో. రంధ్రంలో సన్నటి బ్రష్ పుల్ల తిప్పి చెమ్మ తియ్యాలి, అక్కడ ఒక్క చుక్క దాక్కున్నా చాలు. ఈలోపు రాయి, ఉక్కు పలక ఉన్న యంత్రాన్ని రెండు మరలు విప్పి తీసి పాత టూత్‌బ్రష్‌తో తోముతాను. స్క్రూడ్రైవర్ మర గాడికి సరిగ్గా సరిపోయేది ఉండాలి, వదులుదయితే గాడి చెడిపోతుంది. పాత తుపాకులు అమ్మే చోట మరల తలలు చూస్తే యజమాని ఎలాంటివాడో తెలిసిపోతుంది. అన్నీ ఆరాక నూనె. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ ఒక తెల్లగుడ్డ దించి చూడాలి. తెల్లగా వస్తే పని అయినట్టు, గోధుమరంగు కనిపిస్తే మళ్లీ మొదటికే. తిరిగి కాల్చేముందు ఆ నూనె తుడిచేయాలి, లేకపోతే మందు తడిసి ఊరుకుంటుంది.

చెక్కకి ఏడాదికోసారి అవిసె నూనె రుద్దుతాను. ఆ గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశారా, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. తీగ మీద పరిచి ఆరబెట్టాలి. ఇంట్లో డబ్బాడు తుపాకిమందు ఉంచుకున్నవాడికి కొంప కాలేది నూనెగుడ్డ వల్ల అంటే ఎంత అప్రదిష్ట!

మొత్తం కడుగుడు గంటా గంటంబావు. పదిహేను దెబ్బలకి! మా అబ్బాయి దీనికి ‘తుపాకీకి తలంటు’ అని పేరు పెట్టాడు. శనివారం మా ఇంట్లో ఇద్దరికి తలంటు.

ఇప్పుడు చిన్న పిట్టకథ. మనం ఉన్న ఈ లాంకాస్టర్ చుట్టుపక్కలే 18వ శతాబ్దంలో జర్మన్, స్విస్ వలసవాళ్లు పొడుగాటి గొట్టాల రైఫిళ్లు చేసేవారు. చేసింది పెన్సిల్వేనియాలో, పేరు మాత్రం కెంటకీ రైఫిల్ అని స్థిరపడింది. మన మైసూరు బజ్జీ సంగతే. ఇక్కణ్నుంచి కారులో డెలవేర్ వైపు వెళ్తే విల్మింగ్టన్ దగ్గర బ్రాండీవైన్ ఏటి ఒడ్డున డూపాంట్ వాళ్ల పాత మందు మిల్లులున్నాయి. 1802లో మొదలై 1921 దాకా నడిచాయి. ఇప్పుడు హాగ్లీ మ్యూజియం. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. ప్రతి మిల్లుకీ మూడు వైపులా కోటగోడల్లాంటి రాతి గోడలు, ఏటి వైపు మాత్రం పలచటి చెక్క, పైకప్పు కూడా తేలికది. పేలితే పేలుడంతా ఏటి మీదకి పోవాలని. పనివాళ్ల చెప్పులకి ఇనుప మేకులు ఉండకూడదు. ఇంత జాగ్రత్తలోనూ రెండు వందల మందికి పైగా పోయారు. ఎవరైనా పోతే ‘ఏరు దాటాడు’ అనేవాళ్లట. ఆ మాట చదివి నేను ఆ ఏటి ఒడ్డునే కాసేపు కూర్చున్నాను. మనకి కూడా పోయినవాళ్లు దాటేది నదే కదా.

ఆ మిల్లులకి సురేకారం ఎక్కణ్నుంచి వచ్చేదనుకున్నారు? పెద్ద భాగం మన బీహార్ నుంచి. అక్కడ నోనియా కులస్థులు పశువుల కొట్టాల దగ్గరా, మట్టిగోడల మొదట్లోనూ పేరుకున్న ఉప్పుమన్ను గీకి, నీళ్లలో వడగట్టి, కాచి తీసేవారు. అది కలకత్తా మీదుగా లండన్ చేరేది. 1861లో ఇక్కడ అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఉత్తరాది ప్రభుత్వం తరఫున లామోట్ డూపాంట్ ఆ సురేకారం కొనడానికే ఇంగ్లండ్ వెళ్లాడు. అదే సమయంలో అమెరికా నౌకాదళం ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడని ఆపి దక్షిణాది దూతల్ని ఇద్దరిని పట్టుకుంది. బ్రిటన్‌కి కోపం వచ్చి సురేకారం ఎగుమతి ఆపేసింది. దూతల్ని వదిలేశాకే సరుకు కదిలింది. లింకన్ సైన్యం తుపాకులు మోగడానికి బీహార్ పశువుల కొట్టం మన్ను కావాల్సి వచ్చిందన్నమాట. మా పక్కింటాయనకి ఇది చెప్తే చాలాసేపు తలూపి, ‘అయితే నువ్వు మా సరుకు సప్లయర్‌వి’ అన్నాడు.

ఇప్పుడు ఈ దేశంలో మందు చేసే గోఎక్స్ ఫ్యాక్టరీ లూసియానాలో ఉంది. 2021లో మూసేస్తున్నామన్నప్పుడు మాలాంటి వాళ్లందరికీ టెన్షన్. మరుసటి ఏడాదిలో ఎస్టెస్ అనే కంపెనీ కొనుక్కుని నిలబెట్టింది. వాళ్ల అసలు వ్యాపారం పిల్లల బొమ్మ రాకెట్లు. తారాజువ్వల వాళ్లు మందు ఆగకుండా చూశారు!

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: సార్, హెచ్-1బీ మీద ఉన్నాను. నేను కొనొచ్చా?)

తమ్ముడూ, 1968 నాటి ఫెడరల్ చట్టంలో తుపాకి అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోకి ఇలాంటి పాతకాలపు మూతిమందు తుపాకులు రావు. అంతమాత్రాన పరిగెత్తి కొనెయ్యకు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. నది దాటి న్యూజెర్సీలో అడుగుపెడితే ఇదే తుపాకికి కాగితాలు కావాలి. పైగా వీసా నీది, నాది కాదు. ముందు లాయర్ని అడుగు, తర్వాత కొట్టుకెళ్లు. అంతదాకా రేంజ్‌కి రా, బకెట్ ఇస్తాను.

(ఒక పెద్దాయన: ఇండియాకి పట్టుకెళ్లొచ్చా బాబూ?)

వద్దు బాబాయిగారూ. అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద నాటు తుపాకికైనా లైసెన్సు ఉండాల్సిందే. కొడగులో కొడవ వాళ్లకి బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది, పండగకి తుపాకులకి పూజ కూడా చేస్తారు. మనకి ఆయుధపూజకి కారు చాలు.

(ఒకావిడ: జింకల్ని చంపుతారా అండీ?)

అడుగుతారని తెలుసు. క్రిస్మస్ వెళ్లాక ఇక్కడ చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా ఒక జింకల సీజన్ ఉంది, 1974 నుంచి. లైసెన్సు తీసుకుని రెండేళ్లు వెళ్లాను. మొదటి ఏడాది ఏమీ కనబడలేదు. రెండో ఏడాది మంచు పడుతోంది. తడవకుండా యంత్రం మీద కట్టే తోలుముక్క ఒకటుంది, దాని పేరే ‘ఆవు మోకాలు’. అది కట్టుకునే వెళ్లాను. అరవై గజాల్లో జింక ఆగింది. మోకాలు విప్పాను, గురి పెట్టాను, మీట నొక్కాను. ఫుస్స్. అంతే. జింక తల తిప్పి నా వైపు చూసింది. నేనూ చూశాను. కాసేపటికి అదే విసుగొచ్చి వెళ్లిపోయింది. అప్పట్నుంచి కాగితాల మీదే కాలుస్తున్నాను.

(అదే యువకుడు: పోయిన శనివారం ఎన్ని తగిలాయి సార్?)

పదకొండు కాల్చాను, ఏడు తగిలాయి. పన్నెండోది... ఎవరో ఫోన్ చేస్తే మాట్లాడుతూ గుడ్డ పరిచాను, గుండు దించాను, గజంతో చక్కగా కూరాను. గజం మీద గీత వేలెడు లోతుకి దిగిపోయింది, అది కూడా చూడలేదు. మందు పొయ్యడం మర్చిపోయాను. పదిహేనేళ్ల నుంచి చేస్తున్న పని! గిన్నె పక్కనున్న రంధ్రంలోంచి రవ్వంత రవ్వంత సన్నమందు లోపలికి పంపి, గజంతో గుండుని మళ్లీ అడుగుదాకా దించి, దాన్ని బయటికి ఊదించేసరికి అరగంట పట్టింది. మా పక్కింటాయన కుర్చీ వేసుకుని కూర్చుని చూశాడు. ఇంటికొచ్చాక బకెట్ మాత్రం ఆయనే నింపాడు.